వినికిడి సాక్ష్యం

పోర్తోలో నవంబరు వాన నిలువుగా పడదు,
నదివైపు నుంచి అడ్డంగా వచ్చి కొడుతుంది.
ఆ వానలోనే ఎర్మీనియు మోకాలు
రొట్టెల వ్యాను బంపరు కింద విరిగింది.
కుడి మణికట్టు కూడా.
గోడలకి పలకలు అతికే పనివాడికి
ఏ ఎముక ఎంత ఖరీదో నా దగ్గర ఒక పట్టిక ఉంది,
బీమా కంపెనీ దగ్గర ఇంకోటి.
రెంటికీ నడుమ నా జీతం.

నాలుగు వేల యూరోలన్నారు ఫోన్లో.
"మీవాడు ఎర్రదీపం మీద దాటాడు, సగం తప్పు తనదే."
సగం అనే మాట వాళ్ళ నోట్లో
ఎప్పుడూ వక్కపలుకులా నానుతూ ఉంటుంది.

సాక్షుల్ని వెతుక్కుంటూ వెళ్ళాను.
కాఫీ కొట్టు కుర్రాడు "తూటాలా వచ్చింది సార్" అన్నాడు.
ఎటునుంచి అంటే తల గోక్కున్నాడు.
టాక్సీ అబీలియు సోమవారం నీలం వ్యాను చూశాడు,
గురువారానికి అది తెల్లబడింది.
వాళ్ళు అబద్ధమాడలేదు.
చప్పుడయ్యాక తల తిప్పినవాళ్ళు
తిప్పకముందుది కూడా చూశామనే అనుకుంటారు.

ఇక మిగిలింది మూలమీద చెస్ట్‌నట్లు కాల్చే జుల్మీరా.
రెండు కళ్ళలోనూ శుక్లాలు, మీగడంత మందంగా.
"నేను చూళ్ళేదు నాయనా," అంది ముందే, ఉప్పు చల్లుతూ.
"విన్నాను.
మనుషులు దాటేటప్పుడు ఆ స్తంభం టిక్కుటిక్కుమంటుందా,
ఆ లెక్క మీదే నేను గింజలు తిరగేస్తాను.
పదకొండో టిక్కు దగ్గర దబ్బుమంది.
ఆ తర్వాత కూడా స్తంభం కొట్టుకుంటూనే ఉంది.
బ్రేకు మాత్రం కీచుమనలేదు."

నా కలం అక్కడ ఆగింది. ఆశ పుట్టింది.
"డ్రైవరు ఫోన్లో మాట్లాడుతున్నట్టు
ఏమైనా వినపడిందేమో..." అన్నాను, గొంతులో తేనె కలిపి.
ఆమె పట్టకారు పక్కన పెట్టింది.
"వినలేదు.
వినని మాట ఒక్కటి చేరిస్తే
విన్నవి కూడా విననివైపోతాయి.
రాసుకో, వినలేదు."
రాసుకున్నాను. చెవులు కాలాయి, పొయ్యి సెగకి కాదు.

కంపెనీ తరఫు గ్రాసా నవ్వింది.
"కళ్ళు కనపడనామె సాక్ష్యమా? ఇదంతా వినికిడి."
"అవును, వినికిడే," అని
బల్ల మీద ఒక కాగితం ముందుకు జరిపాను.
నగరపాలక కార్యాలయంలో గుమాస్తా దుమ్ము దులిపి ఇచ్చింది.
ఎనిమిది నెలల కిందటి ఫిర్యాదు, అడుగున జుల్మీరా వంకర సంతకం:
మా మూలన స్తంభం పద్నాలుగు టిక్కులే కొడుతోంది,
నా ఈడు వాళ్ళకి చాలవు, ఇరవై చెయ్యండి.
అంచున ఎర్రసిరాతో ఇంజనీరు రాత:
కొలిచాము. పద్నాలుగు నిజమే. నిధులు లేవు.

గ్రాసా రెండుసార్లు చదివింది.
మూడోసారి వేలితో చదివింది.
సగం అన్న మాట ఆ తర్వాత వినపడలేదు.
పదకొండు వేలు, పదిహేను,
పంతొమ్మిది దగ్గర ఆమె కుర్చీ వెనక్కి వాలింది.

ఇది గెలుపని నేననను.
ఎర్మీనియు అతికే పలకలు ఇప్పుడు
ఎడమవైపు వెంట్రుకవాసి వాలుతున్నాయి.
రసమట్టం పెడతాడు, బుడగ నడిమికి రాదు,
తిట్టుకుంటూ పీకి మళ్ళీ అతుకుతాడు.

చెక్కు వచ్చిన సాయంత్రం మూలమీద ఆగాను.
డజను గింజలు పొట్లం కట్టింది జుల్మీరా.
ఎంతకి తెగిందో చెప్పబోతే
"స్తంభం సంగతేమైనా తేలిందా?" అని అడిగింది.
లేదన్నాను.
అవతలి అంచున ఎవరో ముసలాయన
చేతికర్ర రోడ్డు మీదికి దింపాడు.
టిక్కులు మొదలయ్యాయి.
ఆమె చెయ్యి పెనం మీద ఆగిపోయింది.
పన్నెండు. పదమూడు.
నేనూ లెక్కపెడుతున్నాను.